పాడి దాణాలో బూజు విషం: కొన్న దగ్గర నుంచి పాలు పితికే దాకా చేయాల్సిన పనులు

విశాఖ చుట్టుపక్కల పాడి రైతుకు ఈ చిక్కు కంటికి కనిపించకుండా వస్తుంది. బస్తాలో దాణా బాగానే ఉన్నట్టుంటుంది. గేదె మానకుండా తింటుంది, చెంబుడు పాలు కూడా తగ్గవు. కానీ ఆ పాలలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉంటుంది. కాచినా, చల్లార్చినా, పొడి చేసినా అది పోదు. అందుకని ఇక్కడ చెప్పే పనుల్లో ఎక్కువ భాగం బూజు పట్టకముందు చేయాల్సినవే. పట్టిన తర్వాత చేయగలిగింది చాలా తక్కువ.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. బూజు వేరు, బూజు వదిలిన విషం వేరు. ఆకుపచ్చ బూజు దులిపేసినా విషం గింజలోనే ఉండిపోతుంది. ఎండబెట్టి, గ్రైండ్ చేసి, గుళికలుగా ఒత్తిన దాణాలో బూజు అసలు కనిపించదు, విషం మాత్రం ఉండొచ్చు. అలాగే బూజు కనిపించిన ప్రతి దాణాలో విషం ఉండాలనీ లేదు. కళ్లతో చూసి పారేయాల్సింది ఏదో చెప్పొచ్చు గానీ, మంచిదని తీర్పు చెప్పలేం.

ఏ విషం, ఎంత దాకా

అఫ్లటాక్సిన్‌ను తయారు చేసేవి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్జిల్లస్ పారాసిటికస్ అనే బూజులు. వేరుసెనగ, మొక్కజొన్న, పత్తి గింజ వీటికి ఇష్టమైన చోట్లు. 25 నుంచి 35 డిగ్రీల వేడి, గింజలో తేమ ఉంటే చాలు. మన తీరంలో ఆ వేడి ఏడాది పొడవునా ఉంటుంది కాబట్టి మన చేతిలో ఉన్నది తేమ ఒక్కటే.

ఈ విషం సంగతి బయటపడింది 1960లో. ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుసెనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) అని తేలింది. 1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచ్‌మహల్ ప్రాంతాల్లో వానకు తడిసిన మొక్కజొన్న తిని 397 మంది కాలేయ జబ్బున పడ్డారు. వారిలో 106 మంది చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని అధ్యయనం చేశారు. మోతాదు తక్కువైతే మనిషి అలా వెంటనే పడిపోడు. ఏళ్ల తరబడి కాలేయ క్యాన్సర్ ముప్పు పెరుగుతూ పోతుంది.

పశువు తిన్న అఫ్లటాక్సిన్‌లో బీ1 అనే రకం కాలేయంలో మారి ఎం1 రూపంలో పాలలోకి దిగుతుంది. తిన్న 12 నుంచి 24 గంటల్లోనే పాలలో కనిపిస్తుంది. పాలల్లోకి వచ్చేది సాధారణంగా తిన్నదాంట్లో 1 నుంచి 3 శాతం. బాగా పాలిచ్చే పశువులో 6 శాతం దాకా పోవచ్చు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 2052 ప్రకారం పశువుల మిశ్రమ దాణాలో బీ1 20 పీపీబీ మించకూడదు, తేమ 11 శాతం దాటకూడదు. ఒక పీపీబీ అంటే కిలోకు ఒక మైక్రోగ్రాము. పాలలో ఎం1కు ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాము. యూరప్‌లో అది 0.05 మాత్రమే, పాడి పశువుల దాణాకు 5 పీపీబీ.

ఈ అంకెల్ని మీ సాలలోకి తెచ్చి చూడండి. రోజుకు 4 కిలోల దాణా తిని 8 లీటర్లు పాలిచ్చే గేదె ఉందనుకుందాం. దాణాలో 20 పీపీబీ ఉంటే లోపలికి పోయేది 80 మైక్రోగ్రాములు. 2 శాతం పాలలోకి వస్తే 1.6 మైక్రోగ్రాములు, అంటే లీటరుకు 0.2. మన హద్దులో ఉంది. అదే దాణాలో 100 పీపీబీ ఉంటే లీటరుకు 1 మైక్రోగ్రాము వస్తుంది, హద్దుకు రెట్టింపు. 2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశమంతా చేయించిన పాల సర్వేలో 6,432 నమూనాలకు 368 నమూనాలు ఈ ఎం1 హద్దు దాటాయి. అందరూ భయపడే యూరియా, డిటర్జెంటు కల్తీ దొరికింది వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని నమూనాల్లోనే. అసలు దృష్టి పెట్టాల్సింది దాణా మీద.

కొనేటప్పుడు

వేరుసెనగ చెక్క, మొక్కజొన్న, పత్తి గింజల చెక్క, ఈ మూడింటినీ అనుమానంతోనే చూడండి. తవుడు, చున్నీ (పప్పుల పొట్టు, నూక), గోధుమ పొట్టు తర్వాతి వరస. లారీ దిగుతున్నప్పుడే పట్టపగటి వెలుతురులో చూడాలి. కొట్టు లోపలి చీకట్లో ఏ దాణా అయినా బాగానే కనిపిస్తుంది.

మొక్కజొన్నను తెల్లటి పళ్లెంలో అర కిలో పరవండి. విరిగినవి, పురుగు తిన్నవి, మొలక దగ్గర నల్లబడినవి, ఆకుపచ్చగా పొడి రాలేవి వేరు చేసి తూకం వేయండి. విషం ఎక్కువగా పోగుపడేది ఈ గింజల్లోనూ, అడుగున రాలిన నూకలోనూ. అందుకే జల్లెడ పట్టి నూక, దుమ్ము తీసేయడం ఖర్చులేని మంచి పని. ఆ నూకను కోళ్లకు వేయకండి. అది గింజ కన్నా ప్రమాదం.

చెక్క అయితే పలకను విరిచి లోపలి భాగం చూడండి. పైన పొడిగా ఉండి మధ్యలో నల్లగా, బూడిద రంగు నూగుతో ఉంటే వద్దు. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చి చూడొద్దు, బూజు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. గుప్పెడు దూరంగా పట్టుకున్నా ముక్కిన వాసన తెలిసిపోతుంది.

అమ్మేవాళ్లను బ్యాచ్ నంబరుతో పరీక్ష నివేదిక అడగండి. అందులో మూడు చూడండి: నమూనా ఎంత తూకం తీశారు, ఏ పద్ధతిలో చేశారు, ఎన్ని పీపీబీ కన్నా తక్కువైతే ఆ పద్ధతి పట్టలేదు. “లేదు” అని మాత్రమే రాసిన నివేదికకు విలువ లేదు.

తేమ

మొక్కజొన్నకు 12 నుంచి 13 శాతం, వేరుసెనగ పప్పుకు 7 నుంచి 8 శాతం, తవుడుకు, చెక్కకు 10 శాతం లోపు. ఇవి దాటకూడని అంకెలు.

గింజకు ఉప్పు పరీక్ష చేయొచ్చు. ముప్పావు లీటరు గాజు సీసాను లోపల తడి లేకుండా ఆరబెట్టి, 250 గ్రాముల గింజ, 20 నుంచి 30 గ్రాముల ఉప్పు వేసి మూత పెట్టి నిమిషం పాటు కుదపండి. పావుగంట కదపకుండా ఉంచండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం దాటింది. అంటకపోతే 15 లోపు ఉందని మాత్రమే అర్థం, 13కు దిగిందని కాదు. అంటే ఈ పరీక్ష బస్తాను తిప్పి పంపడానికి పనికొస్తుంది, నిల్వ చేయొచ్చని చెప్పడానికి పనికిరాదు. ఇక్కడ చాలామంది పొరపడేది ఉప్పు దగ్గరే. మన గాలికి ఉప్పు డబ్బాలోనే చెమ్మగిల్లుతుంది. పెనం మీద పొడిగా వేపి, మూత గట్టి డబ్బాలో చల్లార్చిన ఉప్పే వాడాలి. లేకపోతే మంచి గింజ కూడా తప్పుతుంది.

డిజిటల్ తేమ మీటరు ఉంటే మంచిదే. పంట పేరు సరిగ్గా ఎంచుకోండి. మొక్కజొన్న అమరిక మీద తవుడు కొలిస్తే ఆ అంకెకు అర్థం లేదు. చెక్కకు, తవుడుకు పాత పద్ధతే నయం: 100 గ్రాములు నలగ్గొట్టి స్టీలు పళ్లెంలో పరిచి, 105 డిగ్రీల ఓవెన్‌లో తూకం ఇక తగ్గనంత సేపు ఉంచాలి. ఎన్ని గ్రాములు తగ్గితే అంత శాతం తేమ.

ఎండబోయడానికి కల్లం మీద టార్పాలిన్ పరిచి మూడు నాలుగు సెంటీమీటర్ల మందం మించకుండా పోయండి. గంటకోసారి తిరగేయండి. సాయంత్రం నాలుగు దాటాక సముద్రపు గాలిలో చెమ్మ పెరుగుతుంది, ఆ లోపే ఎత్తేయాలి. వేడి గింజను వేడిగానే బస్తా కడితే లోపల చెమట పడుతుంది. నీడలో చల్లారాకే కట్టండి.

నిల్వ: మన గాలిని బయటే ఉంచడం

మైదాన ప్రాంతాల కోసం రాసిన సలహాలు ఇక్కడ సరిగ్గా పనిచేయవు. 12 శాతానికి ఆరబెట్టిన మొక్కజొన్నను గోనె సంచిలో పెట్టి భీమిలి వైపు ఏ పాకలోనో ఉంచితే, గాలిలో తేమ 85 శాతం ఉన్న వానాకాలపు రోజుల్లో అది మెల్లగా నీటిని పీల్చుకుని 16, 17 శాతానికి చేరుతుంది. చినుకు పడనక్కర్లేదు. ఆరబెట్టిన శ్రమంతా గోనె సంచి రంధ్రాల్లోంచి పోతుంది. కాబట్టి ఇక్కడ నిల్వకు గాలి చొరని పొర తప్పనిసరి. లోపల మందపాటి పాలిథీన్ సంచి, బయట గోనె లేదా ప్లాస్టిక్ బస్తా. లేదా రబ్బరు వాషరుతో మూత బిగిసే 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము. డ్రమ్ములో ఇంతకు ముందు ఏ రసాయనం పోశారో తెలియకపోతే కొనకండి.

ఈ పద్ధతికి ఒక షరతు ఉంది. లోపల పెట్టేది ముందే ఆరి ఉండాలి. 15 శాతం తేమతో ఉన్న గింజను గాలి ఆడకుండా కట్టేస్తే బయటకు పోయే దారిలేక లోపలే పులిసి పాడవుతుంది. సరిగ్గా ఆరలేదనిపిస్తే కట్టకుండా ఉంచి తొందరగా వాడేయడమే మేలు. విప్పిన సంచిని వారంలోపు ముగించండి.

బస్తాల్ని నేల మీద పెట్టకూడదు. చెక్క పలకల మీద 15 సెంటీమీటర్ల ఎత్తున, గోడకు రెండడుగులు ఎడంగా పేర్చాలి. రేకుల కప్పు అయితే తెల్లవారుజామున రేకు అడుగున నీరు కమ్మి బస్తాల మీద బొట్లుగా పడుతుంది. పై వరుస బస్తాల మీద గుండ్రటి బూజు మచ్చలు కనిపిస్తే కారణం అదే. కప్పుకు, బస్తాలకు మధ్య ఏటవాలుగా టార్పాలిన్ కట్టండి. పగలు ఎండ కాసి గాలి పొడిగా ఉన్నప్పుడే కిటికీ తెరవండి, రాత్రి మూసేయండి.

వారానికోసారి ఒక ఇనుప చువ్వను బస్తా నడిమికి గుచ్చి పావుగంట ఉంచి తీసి చేత్తో పట్టుకోండి. వెచ్చగా ఉంటే లోపల పురుగో బూజో పెరుగుతోంది. పురుగు ఊపిరి వదిలినా తేమ, వేడి పుడతాయి. ఆ వెనకే బూజు వస్తుంది. ఆ బస్తాను ఆ రోజే వేరు చేయాలి.

జూన్ నుంచి డిసెంబరు దాకా తవుడు, కలిపిన దాణా రెండు వారాలకు మించి నిల్వ పెట్టకండి. ధర తగ్గిందని మూడు నెలల సరుకు కొంటే ఆ మిగులు బూజుకు పోతుంది.

నమూనా తీయడం

పరీక్షలో జరిగే తప్పుల్లో సింహభాగం యంత్రానివి కావు, నమూనావి. కారణం వినండి. విషం బస్తా అంతా సమంగా పరుచుకుని ఉండదు. వేల గింజల్లో ఏ నాలుగైదో నిండా విషంతో ఉంటాయి. ఒక్క వేరుసెనగ గింజలో పది లక్షల పీపీబీ దాకా నమోదైంది. అర గ్రాము తూగే అలాంటి గింజ ఒకటి 5 కిలోల మంచి పప్పులో కలిస్తే, మొత్తానికి సగటు 100 పీపీబీ అవుతుంది. పై నుంచి గుప్పెడు తీసి పంపితే ఆ గింజ అందులో పడే అవకాశం ఎంత? దాదాపు లేదు. నివేదిక బాగుంటుంది, పాలు బాగుండవు.

సరైన క్రమం ఇది. పది బస్తాల వరకు అన్నింట్లోంచీ తీయాలి. వంద బస్తాల వరకైతే పది పదిహేను బస్తాలను అక్కడక్కడ ఎంచుకోండి, అంచువే తీయకండి. ప్రతి బస్తాలో పై, మధ్య, అడుగు మూడు చోట్ల గొట్టం గుచ్చి ఒక్కోచోట 100 గ్రాములకు తగ్గకుండా తీయండి. ఇలా మొత్తం కనీసం 4, 5 కిలోలు పోగవ్వాలి. ఈ మొత్తాన్నీ పిండిగా మరపట్టాలి. ముందు తగ్గించి తర్వాత మరపట్టడం తప్పు, ఆ నాలుగు గింజలు పక్కకు పోతాయి. పిండి 1 మిల్లీమీటరు జల్లెడలోంచి దిగాలి. బాగా కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు రెండు ఉంచి మిగతావి తీసేయండి. కిలోన్నర మిగిలేదాకా అలాగే. దాన్ని మూడు భాగాలు చేసి ఒకటి ప్రయోగశాలకు, ఒకటి అమ్మినవారికి, ఒకటి మీ దగ్గర ఫ్రిజ్‌లో. తగువు వస్తే ఆ మూడోదే మాట్లాడుతుంది. కాగితం కవర్‌లో వేసి, దానిపై తేదీ, బ్యాచ్, తీసినవారి సంతకం ఉండాలి. తేమగా ఉన్న నమూనాను పాలిథీన్‌లో కట్టి పంపితే దారిలోనే బూజు పెరుగుతుంది.

మరపట్టిన యంత్రాన్ని తర్వాతి నమూనాకు ముందు శుభ్రం చేయండి. మూతి దగ్గర మిగిలిన పిండి చాలు, తర్వాతి ఫలితం తప్పడానికి.

పరీక్ష

స్ట్రిప్ కిట్‌లో గమనించాల్సింది ఒకటే: చాలా కిట్లలో రెండో గీత పలచబడితే విషం ఉందని అర్థం, గీత గట్టిగా ఉంటే తక్కువని. గర్భ పరీక్ష స్ట్రిప్‌లా చదివితే ఫలితం తలకిందులవుతుంది. కంట్రోల్ గీత రాకపోతే ఆ స్ట్రిప్ చెల్లదు. ఎలైసాలోనూ (రంగు మార్పుతో విషాన్ని కొలిచే పరీక్ష) అంతే, రంగు ఎంత ముదిరితే విషం అంత తక్కువ. ఫ్రిజ్‌లోంచి తీసిన కిట్‌ను గది వేడికి వచ్చేదాకా ఆగి వాడాలి. కిట్ మొక్కజొన్నకు సరిచూసింది అయితే తవుడులో, చెక్కలో తప్పు అంకె ఇవ్వొచ్చు. మీ సరుకు పేరు కిట్ కాగితంలో ఉందో లేదో చూసుకోండి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తక్కువ ఖర్చు ఎలైసా పద్ధతిని తయారు చేసింది. పెద్ద మొత్తంలో పరీక్షలు చేసే సంఘాలకు అది నప్పుతుంది.

హద్దు దగ్గర ఉన్న ఫలితాన్నీ, తగువులో ఉన్న సరుకునూ హెచ్‌పీఎల్‌సీతో (ప్రయోగశాలలో యంత్రంతో కచ్చితంగా కొలిచే పద్ధతి) ఖాయం చేయించాలి. ప్రయోగశాలకు ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని అడిగి ఆగకండి. ఆ గుర్తింపు దాణాలో అఫ్లటాక్సిన్ బీ1 పరీక్షకు వర్తిస్తుందా అని అడగండి. పాలలో ఎం1కు వేరే కిట్, వేరే పరీక్ష.

నీలి దీపం (అతినీలలోహిత కాంతి) కింద మొక్కజొన్న ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో మెరిస్తే విషం ఉందనుకోవడం అలవాటైంది. ఆ మెరుపు కోజిక్ ఆమ్లం వల్ల వచ్చేది, అఫ్లటాక్సిన్ వల్ల కాదు. అనుమానించడానికి చాలు, నిర్ణయానికి చాలదు.

సొంతంగా పరీక్ష చేసేవారు గ్లౌజులు, ఎన్95 మాస్కు వేసుకోండి. విషం తీయడానికి వాడే మిథనాల్ మంటకు, కంటికి ప్రమాదం. పాత్రలు శుభ్రం చేసే బ్లీచింగ్ ద్రావణాన్ని మిథనాల్‌తో కలపకండి.

ఐదారు పశువులున్నవారికి ఒంటరిగా పరీక్ష భారం. ఊళ్లో ఒకే లారీ సరుకు పంచుకునే పదిమంది కలిసి ఒక్క నమూనా పంపితే ఖర్చు పదో వంతు.

ఫలితం వచ్చాక

5 పీపీబీ లోపు అయితే పాలిచ్చే పశువుకు నిశ్చింతగా వేయండి. 5 నుంచి 20 మధ్య చట్టం ఒప్పుతుంది గానీ, దాణాలో చెక్క వాటా తగ్గించి, చిన్న దూడలకు, చూడి పశువులకు వేయకుండా ఉండడం మా సలహా. 20 దాటితే తిప్పి పంపండి. మంచి దాణాతో కలిపి సగటు తగ్గించే పని చేయొద్దు. యూరప్ చట్టం దాన్ని నిషేధించింది, కారణం స్పష్టం: విషం ఎక్కడికీ పోదు, ఎక్కువ మందికి పంచుతాం. వేరే పశువుకైనా వేద్దామంటే, బాతులు, కోడిపిల్లలు గేదె కన్నా ఎంతో సున్నితం. చేపల చెరువులో పోసినా నష్టమే. పొలానికి, నీటికి దూరంగా లోతు గొయ్యిలో సున్నంతో పూడ్చండి.

పాలలో ఎం1 ఎక్కువైతే ఆ రోజే దాణా మార్చండి. మంచి దాణా మొదలైన మూడు నాలుగు రోజుల్లో పాలు శుభ్రపడతాయి. ఐదో రోజు మళ్లీ పరీక్ష. ఆ మధ్య పాలను పనీరుకు మళ్లించడం తప్పుడు ఆలోచన. ఎం1 పాల మాంసకృత్తును పట్టుకుని ఉంటుంది, పనీరులో ఇంకా చిక్కబడుతుంది.

బైండర్లు, ప్రొపియోనేట్

బెంటొనైట్ మట్టి కడుపులో అఫ్లటాక్సిన్‌ను కొంత పట్టి ఉంచుతుంది, ఇలాంటి వాటినే బైండర్లు అంటారు. టన్నుకు 2 నుంచి 5 కిలోలు వాడుక, యూరప్‌లో 2013 నుంచి టన్నుకు 20 కిలోల దాకా అనుమతి ఉంది. ముందు 10 కిలోల తవుడులో కలిపి, ఆ తవుడును మొత్తంలో పదిహేను నిమిషాలు కలపండి. నేరుగా గుమ్మరిస్తే ఒక బస్తాలో గడ్డ, ఇంకో బస్తాలో సున్నా. ఫ్యుసేరియం అనే మరో బూజు వదిలే టీ-2 వంటి విషాలకు ఇది పెద్దగా పనిచేయదు. టైలోసిన్ లాంటి మందులు ఇస్తున్నప్పుడు, కోళ్లలో కాక్సిడియోసిస్ జబ్బుకు రోబెనిడిన్ వాడేటప్పుడు బెంటొనైట్ ఆపాలి, మందును కూడా పట్టేస్తుంది. పాలలో ఎం1 తగ్గుతుంది, మాయం కాదు. బైండర్ ఉంది కదా అని చవక సరుకు కొనేవాళ్లు రెండు వైపులా నష్టపోతారు.

కాల్షియం ప్రొపియోనేట్ టన్నుకు 1 నుంచి 3 కిలోలు. ఇది బూజు పెరక్కుండా ఆపుతుంది. అప్పటికే ఉన్న విషాన్ని ముట్టుకోదు.

కుడితి తొట్టి, గడ్డి, కోళ్లు

బస్తా మంచిదై, కుడితి తొట్టి చెడ్డదైన సాలలు చాలా ఉన్నాయి. తొట్టి లోపలి అంచున, నీటి గీత పైన ఎండిన దాణా నల్లటి పొరగా అంటుకుని ఉంటుంది. గోటితో గీస్తే కింద తడిగా ఉంటుంది. రోజూ పోసే కుడితికి అక్కడి నుంచి బూజు అందుతూ ఉంటుంది. వారానికి రెండుసార్లు బ్రష్‌తో గీకి, సున్నపు తేట పోసి ఎండలో ఆరనివ్వండి. హోటళ్ల నుంచి వచ్చే పాసిన అన్నం, బేకరీ నుంచి వచ్చే బూజు బ్రెడ్డు కుడితిలో వేయొద్దు.

తడిసి నల్లబడిన వరిగడ్డిలో వేరే ముప్పు ఉంది. ఫ్యుసేరియం పట్టిన గడ్డి తిన్న గేదెలకు తోక కొన, చెవి అంచు, గిట్టల పైభాగం కుళ్లే డెగ్నాలా జబ్బు వస్తుంది. తోక కొన చల్లబడి ఎండినట్టయితే ఆ గడ్డి వెంటనే ఆపి పశువైద్యుడిని పిలవండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

కోళ్లలో గుడ్లు తగ్గడం, టీకా వేసినా జబ్బులు రావడం, చర్మం కింద కమిలిన మచ్చలు, కోసి చూస్తే పాలిపోయి ఉబ్బిన కాలేయం ఉంటే అఫ్లటాక్సిన్‌ను అనుమానించాలి. మూత్రపిండాలు ఉబ్బితే ఆక్రాటాక్సిన్ అనే మరో బూజు విషాన్ని, నోటి చుట్టూ పుండ్లుంటే టీ-2ను. మందు మార్చే ముందు దాణా నమూనా పంపండి.

తుపాను ముందు, తర్వాత

మన జిల్లాలో వాన అక్టోబరు, నవంబరుల్లోనూ గట్టిగా ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది కూడా కోతల ముందే. తుపాను హెచ్చరిక వినగానే వారానికి సరిపడా దాణాను డ్రమ్ముల్లో వేసి మూత బిగించండి. మిగతా బస్తాల్ని పలకల మీదకు ఎక్కించి, టార్పాలిన్ అంచును బస్తాల కిందికి మడిచి కట్టండి. గడ్డివాము పైభాగాన్ని కూడా కప్పండి.

తడిసిన తర్వాత 24 గంటలే గడువు అనుకోండి. ముందుగా తడిసినవీ తడవనివీ వేరు చేయండి, కలిపి ఆరబెట్టొద్దు. బస్తా పై అంగుళం మాత్రమే తడిస్తే, ఆ అంగుళంతో పాటు దాని కింద మరో నాలుగంగుళాలు తీసేసి, మిగిలినది ఆరబెట్టి, పరీక్షకు పంపి ఫలితం చూశాకే వాడండి. వరద నీరు తగిలిన తవుడు, కలిపిన దాణా మాత్రం ఆరబెట్టే ప్రయత్నం చేయకుండా పూడ్చేయండి. గడ్డివాము నడిమి చేత్తో పట్టి చూసి వేడిగా ఉంటే విప్పి పలచగా పరవాలి, లోపల నల్లబడిన మోపుల్ని పశువుల కిందకు పరుపుగా కూడా వేయొద్దు, అవి దాన్నీ నములుతాయి.